మూగబోయిన గురువు, మాట్లాడిన కలం: ఇమామ్ గజాలీ (రహ్మలై) జీవితం

ఇస్లామీయ విజ్ఞాన ప్రపంచంలో ఇమామ్ గజాలీ (రహ్మలై) పేరు వినని వారు అరుదు. ఉర్దూ చదివే మన ఇళ్ళల్లో అల్మారాలో కీమియాయె సఆదత్ ప్రతి ఒకటి కనిపించడం మామూలే. హుజ్జతుల్ ఇస్లామ్, అంటే ఇస్లాంకు ప్రమాణం అన్న బిరుదుతో ఆయన్ని వక్తలు వేదికల మీద స్మరిస్తూనే ఉంటారు. అయితే అంతటి విద్వాంసుడు ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, కీర్తి శిఖరాన ఉండగా, పాఠం చెప్పడానికి కూర్చుని ఒక్క మాటైనా పలకలేకపోయారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ జబ్బు ఏమిటి? ఎందుకు వచ్చింది? దేనితో నయమైంది? మాలాంటి ఉపాధ్యాయులకూ, పిల్లల్ని బడికో మదరసాకో పంపే తల్లిదండ్రులకూ ఈ ప్రశ్నలు అవసరమైనవే. అందుకే ఈ వారం ఆ మహనీయుని జీవితాన్ని ఈ కోణం నుంచి పాఠకుల ముందుంచుతున్నాము.

ఉన్ని వడికే తండ్రి కోరిక

ఇమామ్ గారి పూర్తి పేరు అబూ హామిద్ ముహమ్మద్ బిన్ ముహమ్మద్ గజాలీ. హి. 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్ నగరంలో జన్మించారు. ఈ తూస్ నేటి ఇరాన్‌లో మష్హద్‌కు దగ్గరలో ఉంది. తండ్రి ఉన్ని వడికి, దాన్ని తన దుకాణంలో అమ్ముకుని జీవించేవారు. అరబ్బీలో గజ్జాల్ అంటే నూలు వడికేవాడు. ఇంటిపేరు ఈ వృత్తి వల్లే వచ్చిందని కొందరంటే, గజాలా అనే ఊరి పేరు వల్ల వచ్చిందని మరికొందరంటారు.

ఆ తండ్రికి చదువు లేదు. కాని చదువుకున్న వారంటే ప్రాణం. పని ముగిశాక ధర్మవేత్తల సమావేశాలకు వెళ్ళి ఓ పక్కన కూర్చునేవారు. ధర్మశాస్త్రం చెప్పేవాళ్ళను చూస్తే, తనకూ అలాంటి కొడుకు కావాలని దైవాన్ని వేడుకునేవారు. ప్రసంగాలు విన్నప్పుడు ప్రసంగించే కొడుకు కావాలని కన్నీళ్ళతో అర్థించేవారు. చరిత్రకారులు చెప్పేదేమిటంటే, ఆ రెండు దుఆలూ ఫలించాయి. పెద్దకొడుకు ముహమ్మద్ ధర్మశాస్త్రంలో ఇమామ్ అయ్యారు. చిన్నకొడుకు అహ్మద్ గొప్ప ప్రసంగకర్తగా పేరు పొందారు. అయితే ఆ వైభవం చూడటానికి తండ్రి మిగల్లేదు. మరణం దగ్గరపడిందని గ్రహించి ఆయన ఇద్దరు పిల్లల్నీ, తన దగ్గరున్న కాస్త సొమ్మునూ ఓ సూఫీ మిత్రుడికి అప్పగించారు. తాను చదువుకోలేకపోయిన లోటు పిల్లల ద్వారా తీరాలని కోరారు.

ఆ మిత్రుడు మాట నిలబెట్టుకున్నారు. సొమ్ము ఉన్నంత కాలం చదివించారు. సొమ్ము అయిపోయింది. ఆయన కూడా పేదవారే. అప్పుడు పిల్లలతో దాపరికం లేకుండా విషయం చెప్పి, ఏదైనా మదరసాలో చేరితే అన్నం దొరుకుతుందని సలహా ఇచ్చారు. అన్నదమ్ములు అలాగే చేశారు. ఈ సంగతి ఇమామ్ గారు పెద్దయ్యాక కూడా దాచుకోలేదు. తాము విద్య కోసం చేరింది దైవం కోసం కాదనీ, కాని ఆ విద్య మాత్రం దైవానికి తప్ప మరెవరికీ చెందడానికి ఒప్పుకోలేదనీ చెప్పుకునేవారట. ఈ మాట ముందు ముందు ఎంత నిజమైందో చూద్దాం.

దారిలో దొరికిన పాఠం

ప్రాథమిక విద్య తూస్‌లో ముగిశాక ఆయన జుర్జాన్‌కు వెళ్ళి చదివారు. గురువులు చెప్పినదంతా శ్రద్ధగా కాగితాల మీద రాసుకున్నారు. తిరుగు ప్రయాణంలో దారిదోపిడీ దొంగలు బిడారుపై పడి ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. అందులో ఆ కాగితాల సంచి కూడా ఉంది. కుర్రవాడు ప్రాణాలకు తెగించి దొంగల వెంటపడ్డాడు. వాళ్ళ నాయకుడి దగ్గరకు వెళ్ళి, మిగతావన్నీ మీరే ఉంచుకోండి, మీకు ఎందుకూ పనికిరాని నా కాగితాలు మాత్రం ఇచ్చేయండి అని వేడుకున్నాడు. వాటిలో తన చదువంతా ఉందని చెప్పాడు. దొంగల నాయకుడు పగలబడి నవ్వాడు. కాగితాలు పోతే చదువే పోయేటట్లయితే అదేం చదువని ఎత్తిపొడిచి, సంచి తిరిగి ఇప్పించాడు.

దొంగ నోట పలికించినా ఆ మాట తన కోసమే వచ్చిందని గజాలీ భావించారు. తూస్ చేరి మూడేళ్ళు కూర్చుని ఆ రాతలన్నీ కంఠస్థం చేశారు. ఇక ఏ దొంగా ఎత్తుకుపోలేని విధంగా విద్య ఆయన బుర్రలో చేరింది. కాని బుర్రలో చేరిన విద్య హృదయంలోకి దిగిందా? ఈ రెండో పరీక్ష ఇంకా మిగిలే ఉంది.

నిజామియ్యా ఆచార్య పీఠం

తర్వాత ఆయన నీషాపూర్ వెళ్ళి ఆ కాలపు మహాపండితుడు ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మలై) శిష్యరికంలో చేరారు. ధర్మశాస్త్రం, తర్కం, విశ్వాస సిద్ధాంతం అన్నింటిలో ఆరితేరారు. హి. 478 (క్రీ.శ. 1085)లో గురువు గారు కన్నుమూశాక సల్జూఖ్ సామ్రాజ్య మంత్రి నిజాముల్ ముల్క్ కొలువుకు చేరారు. ఈ మంత్రి కూడా తూస్ ప్రాంతం వారే. పండితులంటే గౌరవం ఉన్నవారు. ఆయన సభలో జరిగే వాదప్రతివాదాల్లో గజాలీ ముందు నిలిచిన వారు లేరు.

నిజాముల్ ముల్క్ అనేక నగరాల్లో నిజామియ్యా పేరుతో విద్యాలయాలు నెలకొల్పారు. (మన మదరసాల్లో నడిచే దర్సె నిజామీకి ఆ పేరు వచ్చింది లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ వల్ల. ఈ రెంటినీ ఒకటిగా భావించకూడదు.) వాటిలో తలమానికం బాగ్దాద్ నిజామియ్యా. హి. 484 (క్రీ.శ. 1091)లో ముప్పై నాలుగేళ్ళ గజాలీని అక్కడ ప్రధానాచార్యులుగా నియమించారు. అంత చిన్న వయసులో అంత పెద్ద పీఠం దక్కడం విశేషమే. ఆయన పాఠానికి 300 మంది విద్యార్థులు కూర్చునేవారు. తల నెరసిన పండితులు సైతం వచ్చి వినేవారు. ఖలీఫా దర్బారులోనూ, సుల్తాన్ దర్బారులోనూ ఆయన మాటకు విలువ ఉండేది.

బాగ్దాద్‌లో అడుగుపెట్టినప్పుడు ఆయన దుస్తులకూ, ఎక్కి వచ్చిన వాహనానికీ ఖరీదు కడితే 500 దీనార్లు తేలిందని ఇబ్నుల్ జౌజీ (రహ్మలై) తన చరిత్రలో నమోదు చేశారు. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆ నాలుగేళ్ళలో ఆయన కలం కూడా ఖాళీగా లేదు. పాఠాల మధ్య దొరికిన తీరికలో ఎవరి సాయం లేకుండా గ్రీకు తత్వశాస్త్రాన్ని అధ్యయనం చేశారు. ముందు తాత్వికుల వాదాల్ని మఖాసిదుల్ ఫలాసిఫాలో వివరించారు. తర్వాత తహాఫుతుల్ ఫలాసిఫాలో వాటిని తర్కంతోనే ఖండించారు. ఈ రెండో గ్రంథం హి. 488 (క్రీ.శ. 1095) ఆరంభంలో పూర్తయింది. లోకమంతా ఆయన్ని విజేత అంది. సరిగ్గా అదే ఏడాది ఆయన ఓడిపోయారు.

నాలుక మూతపడింది

ఈ మధ్యలో ఆయన కళ్ళెదుట కొన్ని సంఘటనలు జరిగాయి. హి. 485 (క్రీ.శ. 1092)లో నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యారు. కొద్ది వారాలకే సుల్తాన్ మలిక్ షా కూడా మరణించాడు. నిన్నటిదాకా లోకాన్ని ఏలినవాళ్ళు ఇవాళ మట్టిలో కలిశారు. ఆ తర్వాత గజాలీ సూఫీ మహనీయుల గ్రంథాలు చదవడం మొదలుపెట్టారు. ఆరోగ్యం అంటే ఏమిటో నిర్వచనం తెలియడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు అన్న సత్యం అక్కడ ఆయనకు బోధపడింది. అప్పుడు తన వంక తాను చూసుకున్నారు. తాను చెప్పే పాఠాలు ఎవరి కోసం? దైవం కోసమా, పేరు కోసమా? జవాబు ఆయనకు నచ్చలేదు.

తన ఆత్మకథ వంటి అల్ మున్ఖిజ్ మినజ్జలాల్ అనే గ్రంథంలో ఆయన ఈ దశను దాపరికం లేకుండా వివరించారు. పొద్దున బయల్దేరాలని గట్టిగా అనుకునేవారు. సాయంత్రానికి ఆ సంకల్పం చల్లబడేది. ఇంత హోదా, ఇంత ప్రశాంతమైన జీవితం వదిలేస్తే మళ్ళీ దొరుకుతుందా అని మనసు వెనక్కి లాగేది. మృత్యువు దగ్గరపడుతోంది, లేచి నడువు అని విశ్వాసం ముందుకు తోసేది. హి. 488 రజబ్ మాసం నుంచి దాదాపు ఆరు నెలలు ఇలా ఊగిసలాడారు.

చివరికి నిర్ణయం ఆయన చేతిలోంచి జారిపోయింది. నాలుక కట్టుబడింది. తన కోసం వచ్చే విద్యార్థుల మనసు నొప్పించకూడదని ఒక్కరోజైనా పాఠం చెప్పాలని ప్రయత్నించేవారు. నోట ఒక్క మాట కూడా వచ్చేది కాదు. మాట పోవడంతో గుండెలో దిగులు గూడు కట్టుకుంది. ముద్ద మింగుడు పడలేదు. నీళ్ళు కూడా గొంతు దిగేవి కావు. ఒళ్ళు క్షీణించింది. హకీములు వచ్చి నాడి చూసి ఇక మందులతో లాభం లేదని ఆశ వదులుకున్నారు. జబ్బు హృదయంలో పుట్టి దేహానికి పాకిందనీ, హృదయానికి ఊరట కలిగితే తప్ప ఇది పోదనీ తేల్చారు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఆ హకీములు మనోవేదనను మనోవేదనగా గుర్తించి నిజాయితీగా చెప్పడం మెచ్చుకోదగిన విషయం.

ఒక్క సంగతి ఇక్కడ ఆలోచించాలి. ఆయనకు విశ్వాసం లేక కాదు ఈ జబ్బు వచ్చింది. విద్య లేకా కాదు. నమాజు, ఉపవాసాలు అన్నీ ఉన్నాయి. అయినా మనసు కుంగింది. కనుక మనలో ఎవరికైనా మనసు కుంగితే వారి ఈమాన్‌లోనే లోపముందని తీర్మానించడం తగదు. హుజ్జతుల్ ఇస్లామ్ అంతటి వారికే ఈ దశ తప్పలేదు.

బాగ్దాద్‌కు వీడ్కోలు

నిస్సహాయుడై దైవం ముందు మోకరిల్లాక, అప్పటిదాకా బరువనిపించినది తేలికయ్యిందని ఆయన రాసుకున్నారు. హోదాను, సంపదను, మిత్రులను వదలడానికి మనసు ఒప్పుకుంది. ఉన్న సొమ్ము పంచిపెట్టారు. పిల్లల పోషణకు సరిపడా మాత్రం ఉంచారు. భార్యాబిడ్డల్ని దిక్కులేని వాళ్ళను చేసి అడవులు పట్టిపోయిన కథ కాదు ఇది. ఈ వివరం తప్పక గమనించాలి. నిజామియ్యాలో తన స్థానంలో పాఠాలు చెప్పే బాధ్యత తమ్ముడు అహ్మద్‌కు అప్పగించారు. హజ్‌కు వెళుతున్నానని చెప్పి, మనసులో షామ్ ప్రయాణం పెట్టుకుని, హి. 488 జుల్‌ఖఅదా (క్రీ.శ. 1095 నవంబరు)లో బాగ్దాద్ విడిచారు.

జనం ఊరుకుంటారా? ఇంతకంటే పెద్ద హోదా ధర్మంలో ఇంకేముంది, దీన్ని వదిలి పోవడమేమిటని ఇరాఖ్ పండితులు తప్పుపట్టారు. దూరాన ఉన్నవాళ్ళు పాలకులకు భయపడి పోయాడన్నారు. దగ్గరుండి చూసినవాళ్ళు, పాలకులే ఆయన్ని బతిమాలుతున్నారని తెలిసి, ఏదో దిష్టి తగిలిందన్నారు. హృదయం నలిగిపోతోందన్న అసలు సంగతి ఎవరికీ తట్టలేదు.

దమిష్క్‌లో ఉమయ్యద్ జామె మస్జిద్ మీనారు ఎక్కి, తలుపు వేసుకుని, రోజంతా ఏకాంతంలో గడిపేవారు. అక్కడి నుంచి బైతుల్ మఖ్దిస్ చేరి ఖుబ్బతుస్సఖ్రాలో అలాగే గడిపారు. హి. 489 (క్రీ.శ. 1096)లో అల్ ఖలీల్ పట్టణంలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) సమాధి దగ్గర మూడు ప్రతిజ్ఞలు చేశారు. పాలకుల దర్బారుకు వెళ్ళకూడదు. పాలకుల సొమ్ము తీసుకోకూడదు. గెలుపోటముల వాదాలకు దిగకూడదు. ఆ తర్వాత మక్కా, మదీనా నగరాలను దర్శించి హజ్ నెరవేర్చారు.

కలం పట్టిన వైద్యం

ఈ ఏకాంతంలో ఆయన ఉత్తినే కూర్చోలేదు. రాశారు. నోరు మూతపడిన ఆ గురువుకు కలమే నోరయింది. ఈ ప్రయాణాల మధ్యనే రూపుదిద్దుకున్నది ఇహ్యా ఉలూమిద్దీన్. ధార్మిక విద్యలకు మళ్ళీ జీవం పోయడం అని ఆ పేరుకు అర్థం. బైతుల్ మఖ్దిస్‌లో అక్కడి ప్రజల కోసం విశ్వాసాల మీద రాసిన ఓ చిన్న పుస్తకం కూడా ఇందులో ఒక భాగమైంది.

ఇహ్యాలో మొత్తం 40 అధ్యాయ గ్రంథాలున్నాయి. వాటిని పదేసి చొప్పున 4 భాగాలు చేశారు. మొదటిది ఆరాధనలు. రెండోది తినడం, సంపాదన, వివాహం, స్నేహం, ప్రయాణం వంటి నిత్యజీవిత వ్యవహారాలు. మూడోది మనిషిని నాశనం చేసే గుణాలు. నాలుగోది మనిషిని గట్టెక్కించే గుణాలు. విద్య గురించిన గ్రంథంతో మొదలై మరణ స్మరణతో ముగుస్తుంది.

ఇందులో మూడో భాగాన్ని ఆయన జీవితం పక్కన పెట్టి చదవాలి. పేరుప్రతిష్ఠల వ్యామోహం, ప్రదర్శనాబుద్ధి (రియా) గురించి అందులో ఒక పూర్తి గ్రంథముంది. గర్వం (కిబ్ర్), ఆత్మస్తుతి గురించి మరొకటి. గర్వానికి కారణాలు లెక్కిస్తూ ఆయన మొట్టమొదట చెప్పింది ధనం కాదు, వంశం కాదు. విద్య! పండితుణ్ణి గర్వం ఎలా పట్టుకుంటుందో, సలాము ఎదుటివాడే ముందు చెప్పాలని ఎలా ఎదురుచూస్తాడో పూసగుచ్చినట్టు వివరించారు. ఇది గ్రంథాల్లో చదివి రాసింది కాదు. బాగ్దాద్‌లో తనకు పట్టిన జబ్బునే ఆయన ముందేసుకుని పరీక్షించారు. వైద్యుడు రోగానికి విరుగుడు ఇచ్చినట్టే, ప్రతి దుర్గుణానికీ దాని విరుగుడైన పని చేయాలని మార్గం చూపారు. గర్వానికి వినయంతో కూడిన పని. పిసినారితనానికి దానం. నోరు పోయిన రోగే హకీమై తన మందుచీటీ లోకానికి ఇచ్చారన్నమాట.

తహాఫుత్ రాసింది ఎదుటివారిని ఓడించడానికి. ఇహ్యా రాసింది తనను తాను సరిచేసుకోవడానికి. రెండూ ఒకే చేతి రాతలు. మొదటిది రాసి జబ్బుపడ్డారు, రెండోది రాసి కోలుకున్నారు. రాయడంలో ఇంత తేడా ఉంది. మనసులోని బరువు కాగితం మీద పెట్టినంత మాత్రాన స్వస్థత రాదు. ఎవరి కోసం, ఏ సంకల్పంతో రాస్తున్నామన్నది అసలు సంగతి.

గురువుకూ, తల్లిదండ్రులకూ

ఇహ్యా మొదటి గ్రంథంలోనే ఉపాధ్యాయుని ధర్మాలు ఎనిమిది చెప్పారు. శిష్యుల్ని కన్నబిడ్డల్లా చూడాలి. తప్పును నలుగురిలో ఎండగట్టకుండా సూచనగా, దయతో సరిచేయాలి. తాను చెప్పే విద్యే గొప్పదని ఇతర విద్యల్ని కించపరచకూడదు. పిల్లవాడి గ్రహణశక్తి ఎంతో అంతే చెప్పాలి. మందబుద్ధి కలవాడికి తేటగా ఉన్నదే చెప్పాలి గాని, అర్థంకాని లోతులు ఉన్నాయని చెప్పి బెదరగొట్టకూడదు. అన్నింటినీ మించి తాను చెప్పింది తాను చేయాలి. ఒకప్పుడు 300 మందికి పాఠం చెప్పి మూగబోయిన గురువు రాసిన ధర్మాలివి. చదువుతుంటే మాబోటి వాళ్ళకు గుండెల్లో గుచ్చుకుంటాయి.

పిల్లల పెంపకం గురించి కూడా ఆయన విడిగా రాశారు. బిడ్డ తల్లిదండ్రుల దగ్గర అమానతు అన్నారు. బడి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి కాసేపు మంచి ఆటలు ఆడుకోనివ్వాలనీ, ఆటలే లేకుండా ఎప్పుడూ చదువుతో నలిపేస్తే వాడి హృదయం చచ్చిపోతుందనీ, తెలివి మొద్దుబారుతుందనీ హెచ్చరించారు. చదువు మీద విరక్తి పుడితే వాడు తప్పించుకునే ఉపాయాలు వెతుకుతాడన్నారు. ర్యాంకుల కోసం పిల్లల్ని తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే ఇళ్ళు ఈ మాట మీద ఒక్క క్షణం ఆగితే మంచిది.

నిజంగా మారారా?

హి. 490 (క్రీ.శ. 1097)లో ఇమామ్ గారు బాగ్దాద్ మీదుగా తిరిగివచ్చారు. నిజామియ్యాలో దిగలేదు. దానికి ఎదురుగా ఉన్న ఓ సూఫీ ఆశ్రమంలో ఉన్నారు. ఒకప్పుడు 500 దీనార్ల హంగుతో వచ్చిన మనిషి దుస్తులకు ఈసారి ఖరీదు కడితే 15 ఖీరాత్‌లే వచ్చిందట. అది ఒక్క దీనారు కూడా కాదు. అక్కడి నుంచి పిల్లల పిలుపు మేరకు స్వస్థలం తూస్ చేరుకున్నారు.

ఇదంతా కొత్త వేషం కాదని నమ్మకమేమిటి? ఈ అనుమానం ఆ రోజుల్లోనే వచ్చింది. నీషాపూర్‌కు చెందిన అబ్దుల్ గాఫిర్ ఫార్సీ ఇమామ్ గారికి సమకాలికులు, ఆయన్ని స్వయంగా ఎరిగినవారు. పూర్వం గజాలీలో ఉన్న దుడుకుతనం, తన తెలివిని చూసుకుని ఇతరుల్ని తక్కువగా చూసే స్వభావం ఆయనకు తెలుసు. తిరిగివచ్చాక ఎన్నోసార్లు కలిసి పరిశీలించారు. మొదట ఇది నటన అనుకున్నారు. తరచి చూశాక అది తన పొరపాటనీ, మనిషి పిచ్చి వదిలి కోలుకున్నట్టు నిజంగానే మారారనీ సాక్ష్యం రాశారు. ఎదుటివారి గుణదోషాలు రెండూ రాసిన సాక్షి కనుక ఈ మాటకు విలువ ఎక్కువ.

తూస్‌లో ఆయన కీమియాయె సఆదత్‌ను ఫార్సీలో రాశారు. అరబ్బీ రాని సామాన్యులకు కూడా ఆ చికిత్స అందాలన్నది ఉద్దేశం. ఎన్నో శాస్త్రాలు చదివిన ఓ శిష్యుడు వీటిలో రేపు సమాధిలో నాకు తోడు వచ్చేదేది అని ఉత్తరం రాస్తే, జవాబుగా ఓ చిన్న పుస్తకమే రాసి పంపారు. అదే అయ్యుహల్ వలద్ పేరుతో ప్రసిద్ధమైంది. ఓ బిడ్డా అని ఆ పేరుకు అర్థం.

హి. 499 (క్రీ.శ. 1106)లో మంత్రి ఫఖ్రుల్ ముల్క్ బలవంతం మీద నీషాపూర్ నిజామియ్యాలో మళ్ళీ పాఠాలు మొదలుపెట్టారు. ఈయన నిజాముల్ ముల్క్ కుమారుడే. పాలకుల జోలికి పోనన్న ప్రతిజ్ఞ ఏమైందని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న ఆయన్నీ వేధించింది. ప్రజల విశ్వాసం సడలుతుంటే మూల కూర్చోవడం సుఖం వెతుక్కోవడమే కదా అని తర్కించుకుని, పెద్దలను సంప్రదించాకే ఒప్పుకున్నారు. పైకి చూస్తే తాను పాత పనికే తిరిగివచ్చినా, నిజానికి అది తిరిగిరావడం కాదని మున్ఖిజ్‌లో వివరించారు. అప్పట్లో పదవి తెచ్చిపెట్టే విద్య చెప్పాననీ, ఇప్పుడు పదవిని వదలడం నేర్పే విద్య చెబుతున్నాననీ దాని సారాంశం. నాలుక తిరిగి పలికింది. అది పాత నాలుక కాదు.

కొంతకాలానికి అదీ వదిలి తూస్ చేరి, ఇంటి పక్కనే ఓ మదరసా, ఓ ఖాన్ఖాహ్ నడిపారు. అప్పుడు వచ్చింది అసలైన పరీక్ష. హి. 504 (క్రీ.శ. 1110)లో బాగ్దాద్ నిజామియ్యా ఆచార్యులు, తన పాత సహాధ్యాయి కియా హర్రాసీ మరణించారు. ఆ పీఠం మళ్ళీ స్వీకరించమని బాగ్దాద్ నుంచి పిలుపు వచ్చింది. పదిహేనేళ్ళ కిందట ఏ పీఠాన్ని వదలలేక ఆరు నెలలు నలిగిపోయారో అదే పీఠం. ఈసారి ఊగిసలాట లేదు. తూస్‌లో తన దగ్గర సుమారు 150 మంది చదువుకుంటున్నారనీ, వాళ్ళను వదిలి రావడం న్యాయం కాదనీ, అల్ ఖలీల్‌లో చేసిన ప్రతిజ్ఞ ఒకటి ఉందనీ మర్యాదగా ఉత్తరం రాసి కాదన్నారు. రోగం పూర్తిగా పోయిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

తుది ఘడియలు

చివరి రోజుల్లో హదీసు అధ్యయనంలో నిమగ్నమయ్యారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు ముందేసుకుని విద్యార్థిలా కూర్చున్నారు. హి. 505 జమాదిస్సానీ 14 (క్రీ.శ. 1111 డిసెంబరు 18) సోమవారం తెల్లవారుజామున వుజూ చేసి నమాజు చదివారు. కఫన్ తెప్పించుకుని ముద్దుపెట్టుకుని కళ్ళకు అద్దుకున్నారు. ఖిబ్లా వైపు కాళ్ళు చాపి పడుకున్నారు. సూర్యోదయం కాకముందే ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ఈ వివరాలు తమ్ముడు అహ్మద్ చెప్పగా చరిత్రకెక్కాయి. వయసు హిజ్రీ లెక్కన 55 ఏళ్ళు. కుమార్తెలే ఆయన సంతానంగా మిగిలారు.

ఆయన రచనలకు వ్యతిరేకత లేకపోలేదు. ఆయన జీవించి ఉండగానే హి. 503 (క్రీ.శ. 1109)లో అందలూస్‌లోని ఖుర్తుబాలో పాలకుల ఆజ్ఞపై ఇహ్యా ప్రతుల్ని బహిరంగంగా తగలబెట్టారు. అందులో బలహీనమైన హదీసులు చేరాయని తర్వాతి హదీసు పండితులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో న్యాయముంది. అందుకే హాఫిజ్ జైనుద్దీన్ ఇరాఖీ (రహ్మలై) ఒక్కొక్క హదీసునూ పరిశీలించి దాని స్థాయిని తేల్చారు. ఇహ్యా చదివేవారు ఆ పరిశీలనతో కూడిన ప్రతిని చదవడం మేలు. ఇహ్యాకు బృహత్తర వ్యాఖ్యానం రాసిన ముర్తజా జబీదీ మన దేశంలోని బిల్‌గ్రామ్‌లో జన్మించినవారే. ఇక ఉర్దూలో ఇమామ్ గారి జీవితచరిత్రను అల్ గజాలీ పేరుతో అందించిన అల్లామా షిబ్లీ నోమానీ, ఆ పుస్తకం రాసిన రోజుల్లో మన హైదరాబాదులోనే ఉద్యోగం చేసేవారు. 1902లో వెలువడిన ఆ గ్రంథం నేటికీ చదవదగినది.

తగలబెట్టిన పుస్తకం తొమ్మిది శతాబ్దాలుగా బతికే ఉంది. 500 దీనార్ల దుస్తులు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. విద్య నేర్చేవారూ, నేర్పేవారూ ఏడాదికి ఒక్కసారైనా ఏకాంతంలో కూర్చుని, ఇది ఎవరి కోసమని తమను తాము అడిగి, వచ్చిన జవాబును దాచకుండా ఓ కాగితం మీద రాసుకుంటే చాలు. ఇమామ్ గారు చేసిన పని అంతకు మించి మరేమీ కాదు. అల్లాహ్ ఆయన సమాధిని జ్యోతితో నింపుగాక! మన విద్యను మన హృదయాలకు ఔషధంగా చేయుగాక! ఆమీన్.